హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు: తక్కువ కొటేషన్‌లో తగ్గింది ఏమిటి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది మాదాపూర్‌లో డెబ్బై మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థ. రెండు అంతస్తుల్లో కలిపి 7,000 చదరపు అడుగుల ఆఫీసు. ఇంతకాలం భవన యజమాని పెట్టిన మనుషులే ఊడ్చి తుడిచేవారు. వచ్చే నెల నుంచి ఆ ఏర్పాటు మమ్మల్నే చేసుకోమన్నారు. నలుగురు మనుషుల కోసం మూడు ఏజెన్సీలను అడిగాము. మనిషికి నెలకు ‘అన్నీ కలిపి’ రూ. 16,500 అని ఒకరు, రూ. 19,000తో పాటు జీఎస్టీ అదనం అని మరొకరు, పద్దులు విడివిడిగా చూపి జీఎస్టీతో సహా రూ. 22,900 అని ఇంకొకరు కొటేషన్లు ఇచ్చారు. మా డైరెక్టర్లు మొదటిదాని వైపు మొగ్గుతున్నారు. ఏది ఎంచుకోవాలి? ఒప్పందంలో ఏమేమి రాయించుకోవాలి?
– అడ్మిన్ మేనేజర్, హైదరాబాద్

జవాబు: ముందు ఈ మూడు అంకెలను ఒకే రీతిలో పేర్చి చూడండి. హౌస్‌కీపింగ్ సేవలపై జీఎస్టీ 18 శాతం. అది ఏజెన్సీ కమీషన్ మీద మాత్రమే కాక, కార్మికుల వేతనాలతో కలిపి మొత్తం బిల్లు మీద పడుతుంది. కాబట్టి రెండో కొటేషన్ నిజానికి రూ. 22,420. మీ డైరెక్టర్లకు రెండో దానికి, మూడో దానికి మధ్య రూ. 3,900 తేడా ఉన్నట్టు కనబడి ఉంటుంది. ఉన్నది రూ. 480 మాత్రమే. పైగా మీ సంస్థ జీఎస్టీలో నమోదై ఉంటే, ఏజెన్సీ రిటర్న్ సక్రమంగా దాఖలు చేసి ఆ బిల్లు జీఎస్టీ పోర్టల్‌లోని మీ 2బి స్టేట్‌మెంట్‌లో కనబడినంత కాలం ఆ పన్నును మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇప్పుడు మొదటి కొటేషన్ సంగతి. లెక్క తెలియడం కోసం, మూల వేతనం, వీడీఏ (ధరలను బట్టి మారే కరవు భత్యం) కలిపి ఒక మనిషికి నెలకు రూ. 14,000 ఇవ్వాలనుకుందాం. మీ ప్రాంతానికి, ఆ తరగతి పనికి వర్తించే అసలు అంకెను కార్మిక శాఖ తాజా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఆ పద్నాలుగు వేల మీద పీఎఫ్‌లో యజమాని వాటా, బీమా, నిర్వహణ రుసుములు కలిపి 13 శాతం, అంటే రూ. 1,820. ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, అంటే రూ. 455. కనీస బోనస్ 8.33 శాతం, అంటే రూ. 1,166. ఇక్కడికే రూ. 17,441 అయింది. దీనిపై ఏజెన్సీకి 8 శాతం సర్వీస్ చార్జీ అనుకుంటే రూ. 18,836, ఆపైన జీఎస్టీ కలిపితే రూ. 22,226. సెలవు వేతనం, యూనిఫారం ఇందులో ఇంకా చేర్చలేదు.

రూ. 16,500లో జీఎస్టీ కూడా ఉంటే, పన్ను తీసేశాక మిగిలేది రూ. 13,983. మనం అనుకున్న వేతనానికే అది సరిపోదు. ఆ ఏజెన్సీ ఏడాది టర్నోవరు రూ. 20 లక్షల లోపు ఉండి జీఎస్టీ నమోదు అవసరం లేదనుకున్నా, రూ. 17,441కి ఇంకా దాదాపు వెయ్యి రూపాయలు తక్కువే. ఆ తేడాను ఏజెన్సీ తన జేబులోంచి పెట్టదు. మనిషికి తక్కువ జీతం ఇవ్వడమో, పీఎఫ్ కట్టకపోవడమో, నలుగురి పేరు మీద బిల్లు వేసి ముగ్గురిని పంపడమో జరుగుతుంది. ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి. పీఎఫ్ ఇరవై మంది, ఈఎస్‌ఐ పది మంది ఉద్యోగులున్న సంస్థలకు వర్తించే నిబంధనలు కాబట్టి, నిజంగానే అంతకన్నా చిన్న ఏజెన్సీ అయితే కొంత తగ్గించి ఇవ్వగలదు. కానీ ఆ లెక్క మీ దగ్గరికి వచ్చే నలుగురితో తేలదు, ఆ ఏజెన్సీకి అన్ని చోట్లా ఉన్న మనుషులందరినీ కలిపి చూడాలి.

ఏజెన్సీ ఎగ్గొడితే మనకేమిటి అని మీ డైరెక్టర్లు అడగవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్, 43వ సెక్షన్‌లో దీనికి సూటిగా సమాధానం ఇస్తుంది. పనిలో పెట్టుకున్న యజమాని చెల్లించకపోతే, ఆ కార్మికులు ఏ సంస్థలో పనిచేస్తున్నారో ఆ సంస్థ యాజమాన్యం చెల్లించాలి. ఈఎస్‌ఐ వాటాల విషయంలోనూ ప్రధాన యజమానిగా మీకు బాధ్యత ఉంటుంది. అంటే ఈ రోజు కొటేషన్‌లో తగ్గిన మొత్తం రేపు బకాయిగా మీ గుమ్మానికే రావచ్చు.

కాబట్టి రెండో ఏజెన్సీని కూడా మూడో ఏజెన్సీ లాగానే పద్దులు విడదీసి చూపమనండి. చూపడానికి వెనకాడితే ఇక ఆలోచించనక్కరలేదు. చూపితే, సెలవు వేతనం, యూనిఫారం ఎవరి లెక్కలో ఉన్నాయో పోల్చుకుని నిర్ణయించుకోవచ్చు.

ఇక ఒప్పందం. ‘ఆఫీసు మొత్తం శుభ్రంగా ఉంచవలెను’ అన్న ఒక్క వాక్యంతో సంతకాలు చేసిన కాగితాలు చాలా చూశాను. నెల తిరగకుండానే వాదన మొదలవుతుంది. రోజూ చేసేది, వారానికొకసారి చేసేది, నెలకొకసారి చేసేది వేర్వేరుగా, వస్తువుల పేర్లతో రాయించండి. నేల తుడవడం, బల్లలు తుడవడం, చెత్త తీయడం ఎవరైనా రాస్తారు. ఎవరూ రాయనివి ఫ్యాన్ రెక్కలు, ఏసీ గ్రిల్లుల మీద దుమ్ము, గోడ అడుగున స్కర్టింగ్ అంచు, ప్యాంట్రీ ఫ్రిజ్ లోపలి భాగం, మైక్రోవేవ్ పైకప్పు, మంచినీళ్ల డిస్పెన్సర్ కింద నీరు నిలిచే పళ్లెం. సర్వర్ రూములోకి ఎవరు వెళ్లాలి, తడి మాప్ అక్కడ వాడకూడదు, బల్లల మీది కాగితాలు కదపకూడదు అన్నవి కూడా అందులోనే ఉండాలి. తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, పోలీసు వెరిఫికేషన్ పూర్తికాని మనిషిని పంపవచ్చో లేదో కూడా రాయాలి.

వాష్‌రూమ్ విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆఫీసులో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తాయి. తలుపు వెనుక ఒక చెక్‌లిస్టు కాగితం వేలాడుతుంది, గంటకోసారి చూసి టిక్కు పెట్టాలి. మీరు ఏదో ఒక రోజు ఉదయం పదిన్నరకు వెళ్లి ఆ కాగితం చూడండి. సాయంత్రం ఆరు గంటల గడి వరకు ఒకే పెన్నుతో, ఒకే వాలులో టిక్కులు పడి ఉంటే, ఆ కాగితం గోడకు అలంకారం మాత్రమే. దానికి కార్మికురాలిని తిట్టి లాభం లేదు. రెండు అంతస్తుల్లో గంటకోసారి వాష్‌రూమ్‌లు చూడడానికి, అదే సమయంలో ప్యాంట్రీలో టీ కప్పులు కడగడానికి ఒకే మనిషిని పెట్టిన మన ఏర్పాటులోనే లోపం ఉంది. టీ అందించడం, కప్పులు కడగడం ఈ నలుగురి పనిలో భాగమా కాదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

రసాయనాలు, టిష్యూలు, హ్యాండ్‌వాష్, చెత్త సంచుల ఖర్చును మనిషికింత అన్న రేటులో కలపనివ్వవద్దు. కలిపితే మూడో వారానికల్లా హ్యాండ్‌వాష్ నీళ్లలా పలుచబడుతుంది. నెలకు ఇంత పరిమాణం అని జాబితా వేసి, వాడినదానికి బిల్లు ప్రకారం చెల్లించడం మేలు. రసాయనాలు వాటి అసలు డబ్బాల్లోనో, పేరు రాసిన స్ప్రే సీసాల్లోనో ఉండాలి. ఫినాయిల్‌నో యాసిడ్‌నో తాగి పారేసిన మంచినీళ్ల సీసాలో పోసి సింకు కింద పెట్టే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. టాయిలెట్‌కు వాడే యాసిడ్ క్లీనరును, బ్లీచింగ్ ద్రావణాన్ని ఒకదాని వెంట ఒకటి పోస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ సంగతి కార్మికులకు తెలుగులోనో, హిందీలోనో, వారికి వచ్చిన భాషలో చెప్పించే బాధ్యత ఏజెన్సీదని రాయించండి. బోరు నీటి వల్ల కుళాయిల మీద, టైల్స్ మీద పేరుకునే తెల్లటి ఉప్పు మరకలకు యాసిడ్ పనిచేస్తుంది నిజమే కానీ, అదే యాసిడ్ మీ రిసెప్షన్‌లో పాలరాయి ఉంటే దాని మెరుపును శాశ్వతంగా తినేస్తుంది. టాయిలెట్లకు ఎరుపు, ప్యాంట్రీకి ఆకుపచ్చ, బల్లలకు నీలం అంటూ గుడ్డలకూ మాప్‌లకూ రంగులు కేటాయించే పద్ధతి ఖర్చు లేనిది, తప్పనిసరి చేయండి.

వేతన సవరణ గురించి ఒక క్లాజు మరచిపోవద్దు. తెలుగు రాష్ట్రాల్లో వీడీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. సవరణ జరిగినప్పుడు పెరిగిన వేతనాన్ని, దాని మీది పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాలను మీరు ఇస్తారని, సర్వీస్ చార్జీ మాత్రం పెరగదని ముందే రాసుకుంటే ఏటా రెండుసార్లు బేరం ఉండదు. ఏడాది పాటు రేటు పెంచకూడదని పట్టుబట్టేవారు ఉన్నారు. ఆ పట్టుదల భారం చివరికి జీతం తీసుకునే మనిషి మీదే పడుతుంది.

పనిలో లోపాలకు జరిమానా పెట్టుకోవచ్చు. అయితే అది ఏజెన్సీ సర్వీస్ చార్జీ నుంచే తగ్గాలని, కార్మికుల జీతాల్లో కోయకూడదని స్పష్టంగా రాయండి. రాని రోజుకు దామాషాగా తగ్గించడం వేరు, జరిమానా వేరు. గడువు విషయానికొస్తే, పదకొండు నెలలకే రాసుకోవాలన్న ఆచారం అద్దె ఒప్పందాల రిజిస్ట్రేషన్ భయంతో పుట్టింది. సేవల ఒప్పందానికి దానితో సంబంధం లేదు. ఏడాదికి రాసుకుని, ఇరువైపులా ముప్పై రోజుల నోటీసు పెట్టుకోండి. మొదటి మూడు నెలల్లో పదిహేను రోజుల నోటీసు చాలు అన్న వెసులుబాటు కూడా ఉంటే మంచిది.

బిల్లు చెల్లించేటప్పుడు ఏజెన్సీ సొంతదారు వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ అయితే 2 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోయాలి. జీఎస్టీని బిల్లులో విడిగా చూపితే ఆ భాగంపై కోయనక్కరలేదు.

ప్రశ్న: మా విజయవాడ ఆఫీసులో ఐదుగురు మహిళలు కాంట్రాక్టరు తరఫున పనిచేస్తున్నారు. రెండు నెలలుగా వారికి జీతాలు అందలేదు. కాంట్రాక్టరును అడిగితే మేము బిల్లు ఆలస్యం చేశామంటున్నాడు. మేము నలభై ఐదు రోజుల గడువులోపే చెల్లించాము. పీఎఫ్ చలాన్లు ప్రతి నెలా ఇస్తున్నాడు. ఇప్పుడు ఆ మహిళలు మమ్మల్ని అడుగుతున్నారు. మేము నేరుగా ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. పైన చెప్పిన 43వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది. కాంట్రాక్టరుకు లిఖితపూర్వకంగా మూడు నాలుగు రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే హాజరు పట్టీ ప్రకారం ఐదుగురి బ్యాంకు ఖాతాల్లో జమ చేసి, ఆ మొత్తాన్ని అతని తదుపరి బిల్లులో మినహాయించుకోండి. చేతికి నగదు ఇవ్వవద్దు, రేపు రుజువు ఉండదు.

అయితే మీ ఒప్పందంలోనే ఒక చిక్కు ఉంది. నెలజీతం తరువాతి నెల ఏడో తేదీలోపు అందాలని చట్టం చెబుతుంది. మీరు బిల్లుకు నలభై ఐదు రోజులు తీసుకుంటే, ఆ మధ్యకాలం జీతాలను కాంట్రాక్టరు సొంత డబ్బుతో ఇవ్వాలి. పెద్ద ఏజెన్సీలకు అది సాధ్యమే, ఐదుగురిని పంపే చిన్న కాంట్రాక్టరుకు అప్పు చేస్తే తప్ప కాదు. మీరు గడువు తప్పలేదన్నది నిజమే అయినా, ఆ గడువు అతనికి మోయలేనంత ఎక్కువ. జీతాలు ఏడో తేదీలోపు జమ చేసిన బ్యాంకు రుజువు చూపితే పదిహేనో తేదీకల్లా బిల్లు చెల్లిస్తామని మార్చి, దానికి బదులుగా ఒక నెల వేతనాల మొత్తానికి సెక్యూరిటీ డిపాజిట్ అడగండి.

పీఎఫ్ చలాన్ల మాట. చలాన్ మీద మొత్తం అంకె మాత్రమే ఉంటుంది. ఒకే చలాన్‌ను నలుగురు క్లయింట్లకు చూపించే కాంట్రాక్టర్లు ఉన్నారు. దానితోపాటు దాఖలు చేసే ఈసీఆర్‌లో, అంటే నెలవారీ పీఎఫ్ రిటర్న్‌లో, కార్మికుల పేర్లు, యూఏఎన్ (ఒక్కొక్కరి సొంత పీఎఫ్) నంబర్లు ఉంటాయి. మీ ఐదుగురి పేర్లు ఉన్న ఆ పేజీ అడగండి. అంతకన్నా నమ్మకమైన మార్గం, వారిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఒకరి చేత ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిపించి చూడడం. ఈఎస్‌ఐ కార్డు చేతికి వచ్చిందో లేదో కూడా కనుక్కోండి. జీతంలో 0.75 శాతం కోత పడుతూ, జ్వరం వస్తే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లడానికి కార్డు లేక ప్రైవేటు ఆసుపత్రిలో అప్పుచేసి చూపించుకునేవారు ఈ రంగంలో ఎందరో.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో ఆడిటర్ కార్యాలయం. పన్నెండు మంది పనిచేస్తాము. పదకొండేళ్లుగా ఒకామె మా దగ్గరే నెలజీతం మీద ఊడ్చి తుడిచి, కాగితాలు సర్ది పెడుతున్నారు. మేమంతా ఆమెను అక్కా అనే పిలుస్తాము. ఇప్పుడు మా భాగస్వామి శుభ్రత పని ఏజెన్సీకి అప్పగించి, ఆమెను కూడా వారి రోల్స్‌లోకి మార్చేద్దామంటున్నారు. జీతం నెలకు రూ. 12,000. ఇందులో చిక్కులున్నాయా?
– ఒక పాఠకురాలు, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: ఏజెన్సీకి అప్పగించడంలో తప్పులేదు. ఊడ్చడం, తుడవడం, చెత్త తీయడం వంటి పారిశుద్ధ్య పనులను, సంస్థ ఆ పని కోసమే ఏర్పడితే తప్ప, ప్రధాన కార్యకలాపంగా చట్టం లెక్కించదు. కాంట్రాక్టు కార్మిక చట్టానికి 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణలోనూ ఇదే ఉంది, ఇప్పటి కార్మిక కోడ్‌లోనూ ఇదే ఉంది. చిక్కు ఆమె పదకొండేళ్ల సర్వీసులో ఉంది.

పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో ఐదేళ్లు నిరంతరంగా పనిచేసిన వారికి గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్క కడతారు. పన్నెండు వేలను 15తో గుణించి 26తో భాగించి పదకొండేళ్లకు లెక్కిస్తే రూ. 76,154 వస్తుంది. ఈ మొత్తాన్ని, మిగిలిన సెలవుల డబ్బును ఆమెకు చెల్లించి, ఆమె ఇష్టంతో, రాతపూర్వకంగా ముగించిన తరువాతే కొత్త ఉద్యోగం మొదలవాలి. ఈ లెక్క మీ కార్యాలయంలో పదిమంది క్లయింట్లకు వేసి ఇచ్చేదే, అందుకే మీకు కొత్తగా చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది.

అలా చేయకుండా కాగితం మీద యజమాని పేరు మాత్రం మార్చి, అదే కుర్చీలో, మీ ఆజ్ఞల కిందే, మీరిచ్చే సెలవుల మీదే ఆమె కొనసాగితే, అది ముసుగు కాంట్రాక్టు అన్న వాదనకు తావిస్తుంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు నిజమైనదా, చట్టాన్ని తప్పించుకోవడానికి అల్లినదా అన్నది పారిశ్రామిక న్యాయస్థానం తేల్చవచ్చని చెప్పింది. నా సలహా అడిగితే, పన్నెండు మంది ఉన్న కార్యాలయానికి ఏజెన్సీ అవసరమే లేదు. రోజువారీ పనికి ఆమెను అలాగే ఉంచుకుని, మూడు నెలలకోసారి డీప్ క్లీనింగ్ మాత్రం బయటివారికి పని లెక్కన ఇవ్వండి. కుర్చీల షాంపూ, అద్దాలు, నేల స్క్రబ్బింగ్ వంటి పనులకు యంత్రాలు కావాలి, వాటిని ఆమె చేత చేయించడమూ సరికాదు.

ప్రశ్న: మా ఆఫీసు వెనుక సెప్టిక్ ట్యాంకు నిండి పొంగుతోంది. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు తన మనుషుల్లో ఇద్దరిని దించి ఒక పూటలో శుభ్రం చేయిస్తానని, ఐదు వేలు అదనంగా ఇస్తే చాలని అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఒప్పుకోకూడదు. మనిషిని రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ఏడో సెక్షన్ నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ నిషేధం పని చేయించిన కాంట్రాక్టరుకే కాదు, పని అప్పగించిన వారికీ వర్తిస్తుంది. ట్యాంకులో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువుల వల్ల దిగిన మనిషి కేక వేసే లోపే స్పృహ తప్పుతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోయినట్టు చదివేది ఇందుకే. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఇటువంటి మరణాలకు పరిహారాన్ని రూ. 30 లక్షలకు పెంచింది.

నగరపాలక సంస్థకు ఫోన్ చేసి సక్షన్ ట్యాంకరు పంపమనండి, లేదా అనుమతి ఉన్న ప్రైవేటు ట్యాంకరును పిలిపించండి. ట్యాంకరు గొట్టం లోపలికి వెళ్లాలి, మనిషి వెళ్లకూడదు. గొట్టానికి అందని గట్టి మడ్డిని నీళ్లు పోసి కదిలించి మళ్లీ లాగమనండి. ఆ రోజు కాంట్రాక్టరు మనుషులను ట్యాంకు మూత దగ్గరకు కూడా రానివ్వకండి. మీ హౌస్‌కీపింగ్ ఒప్పందంలో, మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు పనులు ఈ కాంట్రాక్టు పరిధిలోకి రావని, ఎవరు అడిగినా కార్మికులు నిరాకరించవచ్చని ఒక వాక్యం చేర్పించి, దాన్ని వారికి చదివి వినిపించండి.